రాతి మీద 1317

మౌల్వీ సాబ్ పోయారని వాళ్ల పెద్దబ్బాయి ఫోను చేశాడు. తొంభై దాటిన మనిషి. రాత్రి భోజనం చేసి పడుకున్నవారు తెల్లవారి లేవలేదట. ఎవరెవరికి కబురు పంపాలో ఆయన ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నారనీ, అందులో నా పేరు కూడా ఉందనీ అబ్బాయి చెప్పాడు. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. కాగితం మీదికి ఎక్కనిదేదీ ఆయన లెక్కలోకి రాదు.

నిజానికి ఆయన మౌల్వీ కారు. మా హైస్కూల్లో ఉర్దూ మాస్టారు. ఆ రోజుల్లో ఉర్దూ చెప్పే ప్రతి మాస్టారినీ పిల్లలు మౌల్వీ సాబ్ అనే పిలిచేవారు. తోటి పంతుళ్లకూ అదే అలవాటైంది. యాకుత్‌పురా నుంచి సైకిల్ మీద వచ్చేవారు. షేర్వానీ పై జేబులో కలం, కింది జేబులో చిన్న భూతద్దం. స్టాఫ్ రూములో ఎవరైనా "ఫలానా నవాబు మన బడికి వచ్చాడట" అంటే చాలు, పేపరు మీంచి తల ఎత్తకుండానే అడిగేవారు: "ఎక్కడ రాసి ఉంది?"

ఆ ప్రశ్న నా వెంటపడి నాతో కొన్నాళ్లు ఏం చేయించిందో రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

*

మా ఇల్లు సుల్తాన్ బజార్లో, ఒక సందు లోపల. బడి కాచిగూడ స్టేషను వైపు. నేను చదివిందీ అక్కడే, తరువాత పాఠాలు చెప్పిందీ అక్కడే. పొద్దున్నే బడికి నడిచి వెళ్తుంటే ముందు దుకాణాల షట్టర్లు లేచే చప్పుడు, తరువాత జట్కా గుర్రాల డెక్కల చప్పుడు, ఇంకా ముందుకు వెళితే మీటరు గేజి రైళ్ల కూత. బడి గంట అంటే వేప చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దాన్ని ఇనుప కడ్డీతో కొట్టే హక్కు అటెండరుది. ఆయన సెలవు పెడితే ఆ కడ్డీ కోసం పదో తరగతి పిల్లలు కొట్టుకునేవారు.

కోఠీ చౌరస్తాలో రెండంతస్తుల బస్సు మలుపు తిరుగుతుంటే పై అంతస్తు మొదటి సీట్లో కూర్చున్నవాడికి రెసిడెన్సీ భవనం కొమ్మల సందుల్లోంచి కనిపించేది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బ్రిటిషు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ మేడలోకి 1949లో ఆడపిల్లల కాలేజీ వచ్చింది. నా చిన్నప్పుడు మాకు అది 'వుమెన్స్ కాలేజీ' మాత్రమే. దాని సింహాల గురించి తెలుసు గానీ, 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాని మీదికి దండెత్తారని తెలియదు. వాళ్ల పేర్లున్న స్తంభం పక్కనే బస్సు కోసం నిలబడేవాళ్లం. స్తంభానికి ఆనుకొని వేరుశనక్కాయలు తినేవాళ్లం. ఏ మాస్టారూ దాని మీద ఏం రాసి ఉందో చదవమనలేదు. సోషల్ పుస్తకంలో హరప్పా నుంచి పానిపట్టు దాకా అన్నీ ఉండేవి, కోఠీ తప్ప.

*

ఎనభైల మొదట్లో అనుకుంటాను, హెడ్‌మాస్టరు గారు ఒక సాయంత్రం నన్ను పిలిచారు. పాత విద్యార్థుల సంఘం వాళ్లు బడి పండుగ చేస్తామంటున్నారు. సంచిక వేస్తారు. అందులో బడి చరిత్ర ఉండాలి.

"సోషల్ చెప్తావు కదయ్యా, నువ్వే రాయి. రెండు పేజీలు చాలు. మంత్రిగారి సందేశం తరువాత వేద్దాం."

ఇలాంటి సంచికలు నేను చాలా చూశాను. ముందు మంత్రుల ఫోటోలు, వెనక చీరల దుకాణాల ప్రకటనలు, మధ్యలో 'మహనీయుల కృషితో వెలసి దినదిన ప్రవర్ధమానమై' అనే చరిత్ర. బడి పేరు మారిస్తే ఏ బడికైనా సరిపోతుంది. అలాంటిది ఒక్క పూటలో రాసి ఇచ్చేవాడినే. మౌల్వీ సాబ్ అడ్డుపడ్డారు. అడ్డుపడ్డారంటే పెద్దగా ఏమీ అనలేదు. "ఏ సంవత్సరం పెట్టారు, మాస్టర్ సాబ్?" అని మాత్రం అడిగారు.

అక్కడే వచ్చింది చిక్కు. గేటు పక్క గోడలో ఒక నల్లరాయి ఉంది. దాని మీద ఉర్దూలో నాలుగు పంక్తులు, చివర 1317 అనే అంకె. సున్నం మీద సున్నం పడి పై పంక్తులు సగం పూడిపోయాయి. అంకె మాత్రం అందరికీ కంఠతా వచ్చు. హిజ్రీ అనుకుంటే 1317 అంటే 1899-1900. అప్పుడు డెబ్బై అయిదేళ్ల పండుగ ఎప్పుడో దాటిపోయింది, ఎవరూ చెయ్యలేదు. నిజాం సర్కారు వాడిన ఫసలీ లెక్క అనుకుంటే 1907-08. అప్పుడు పండుగ సరిగ్గా ముందుంది.

సంఘంలో రెండు పక్షాలు లేచాయి. అధ్యక్షులు ఫసలీ పక్షం. ఎందుకంటే చందాలు అప్పటికే వసూలయ్యాయి. వకీలు గారొకరు హిజ్రీ పక్షం. ఆయన తాతగారు 1903లో ఇక్కడే చదివారని ఇంట్లో చెప్పుకుంటారు. మూడో పక్షం కూడా ఒకటి ఉండేది. ఒక పెద్దాయన వివేకానందుడు మన బడిలో ఉపన్యసించాడని లేచి నిలబడి మరీ చెప్పాడు. స్వామీజీ వచ్చింది 1893 ఫిబ్రవరిలో, మాట్లాడింది సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో, 13వ తేదీన. మన రాతి మీది అంకెను ఏ లెక్కన తీసుకున్నా అప్పటికి బడి పుట్టనే లేదు. ఆ మాట చెబితే పెద్దాయన నొచ్చుకున్నారు. "సికింద్రాబాద్ వెళుతూ దారిలో ఆగి ఉండవచ్చు కదా" అన్నారు. హైదరాబాదులో పాత బడి ఏదైనా సరే, స్వామీజీ దారిలో ఆగని బడి అంటూ నాకు ఇంతవరకు తగల్లేదు.

*

నిజాం సర్కారులో ఎవరి రోజువారీ లెక్క అయినా ఫసలీలోనే. ఆజర్ నెలతో ఏడాది మొదలు, అంటే మన అక్టోబరు మొదటి వారం. ఆబాన్‌తో ముగింపు. ఫసలీ అంకెకు 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జనవరి నుంచి వచ్చే నెలలకైతే 591. మౌల్వీ సాబ్ ఈ లెక్కను వేళ్ల మీద ఎంత వేగంగా చేసేవారంటే, లెక్కల మాస్టారు కూడా నోరు తెరుచుకొని చూసేవారు. ఒక్క అంకె తప్పితే మనిషి పుట్టకముందే బడిలో చేరినట్టు వస్తుంది. నేను చూసిన కొన్ని అచ్చు పుస్తకాల్లో అలా చేరినవారు ఉన్నారు కూడా.

కానీ ఆజర్, ఆబాన్‌లు తెలిసినంత మాత్రాన రాతి మీద ఉన్నది ఏ లెక్కో తెలియదు. ఉర్దూ రాతలో అంకె పక్కన హిజ్రీకైతే 'హే' అక్షరం పెడతారు, ఫసలీకైతే 'ఫే'. మా రాతి మీద అంకె తరువాత ఉన్నది సున్నం.

ఒక ఆదివారం మౌల్వీ సాబ్ ఒక గిన్నెలో నీళ్లు, పాత బనియను గుడ్డ, వెదురు పుల్లలు పట్టుకొని వచ్చారు. నేను సుత్తి, స్క్రూడ్రైవరు తెచ్చాను. వాటిని చూడగానే ఆయన నా చేతిలోంచి లాక్కున్నంత పని చేసి అటెండరు గదిలో పెట్టించారు. గుడ్డ తడిపి రాయికి అద్దారు. నానాలి. మళ్లీ అద్దారు. మేమిద్దరం గేటు మెట్ల మీద కూర్చున్నాం. ఎదురింటి పిల్లలు చేరారు. గంట దాటాక వెదురు పుల్ల కొనతో గీరితే సున్నం పొరలుగా లేచింది. తెలుపు కింద పసుపు, దాని కింద నీలం, దాని కింద మళ్లీ తెలుపు. ఏ హెడ్‌మాస్టరు కాలంలో బడికి ఏ రంగు వేశారో ఆ రాతి మీదే ఉంది.

అంకె పక్కన ముందు ఒక వంపు బయటపడింది. హే వంపూ కావచ్చు, ఫే తలా కావచ్చు. నాకు రెండింటికీ తేడా కనిపించలేదు. మౌల్వీ సాబ్ ఏమీ అనలేదు. వంపు వదిలేసి దాని పైన, వడ్లగింజంత మేర మాత్రం, పుల్లను ఆనించీ ఆనించకుండా గీరుతూ పోయారు. చెమట ఆయన గడ్డం నుంచి కారుతోంది. లోపల నుంచి నలుచదరపు చుక్క ఒకటి వచ్చింది. శిల్పి ఉలితో ఒక్క దెబ్బ వేసి తీసిన గుంట. అందులో సున్నం గడ్డ కట్టి ఉంది. దాన్ని గోటితో తీసి నా అరచేతిలో వేశారు.

"ఫే," అన్నారు. "హేకి చుక్క ఉండదు."

నేను వెంటనే అధ్యక్షుల ఇంటికి పరుగెత్తబోయాను. ఆయన ఆపారు. మిగతా పంక్తులు కూడా తీద్దామన్నారు. సాయంత్రానికి మొత్తం చదివారు. చదివి, మెల్లగా చెప్పారు: "మాస్టర్ సాబ్, రాయి ఇమారత్ గురించి చెబుతోంది. మదర్సా ఎప్పుడు మొదలైందో చెప్పడం లేదు. ఇల్లు కట్టిన సంవత్సరం, అంతే."

ఆ తేడాను సంఘం వాళ్లు పట్టించుకోలేదు. ఫసలీ అని తేలింది, వాళ్లకు అదే పదివేలు. నా వ్యాసంలో మాత్రం 'ఈ భవనం ఫసలీ 1317లో, అంటే 1907-08లో కట్టబడింది' అనే వాక్యం ఆయన ఒత్తిడి మీదే పడింది. 'బడి స్థాపన' అన్న మాట ఎక్కడా రానివ్వలేదు.

*

వకీలు గారి తాత సంగతి తేలాలి కదా. తార్నాకలోని పత్ర భాండాగారానికి వెళ్లడం మొదలుపెట్టాం. శనివారాలు ఒంటిపూట బడి కాగానే ఇద్దరం బస్సెక్కేవాళ్లం. అక్కడ పద్ధతి నాకు బాగా నచ్చింది. చీటీ మీద రాసిస్తే, చాలాసేపటికి గుడ్డలో కట్టిన మిసిల్, అంటే ఫైలు, కట్ట వచ్చేది. పెన్ను పనికిరాదు, పెన్సిలే. ముడి విప్పగానే ఒక వాసన. నాఫ్తలీను, దుమ్ము, ఇంకేదో తియ్యటిది. పాత జిగురు కావచ్చు. కాగితాలు చాలా వరకు షికస్తా రాతలో ఉండేవి. చుక్కలు పెట్టరు, మాటకూ మాటకూ మధ్య కలం ఎత్తరు. ఉర్దూ బాగా వచ్చినవాళ్లకే కళ్లు తిరుగుతాయి. మౌల్వీ సాబ్ పెదవులు కదుపుతూ లోలోపల చదువుకునేవారు. ఆయన చెబితే నేను తెలుగులో రాసుకునేవాడిని.

బడికి సంబంధించిన జరీదా (సర్కారు గెజిట్) ప్రకటనలు దొరికాయి, గ్రాంటు ఉత్తర్వులు దొరికాయి. కానీ మా పేట గురించి వెతికితే ఒక వింత. రోడ్డుకు ఒక వైపు వీధుల మిసిళ్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. రెండో వైపు, మా ఇల్లున్న వైపు, శూన్యం. మోరీ గురించి లేదు, దీపస్తంభం గురించి లేదు. అంత పెద్ద బజారు నిజాం ప్రభుత్వం కంట పడలేదా?

పడలేదు, పడే వీలు లేదు. 1933 దాకా సుల్తాన్ బజారు రెసిడెన్సీ బజారు. ఊరు నిజాముది, ఆ నాలుగు వీధులు బ్రిటిషువాళ్ల అధికారం కింద. పోలీసులు వేరు, కోర్టు వేరు. సాహుకార్లు అక్కడ చేరడానికి కారణం కూడా అదే. 1933లో తిరిగి అప్పగించాకే సుల్తాన్ బజార్ అన్న పేరు వచ్చింది. అంతకు ముందు కాగితాలు రెసిడెన్సీ దఫ్తరంతో పాటు ఢిల్లీకి వెళ్లాయి, అక్కడి జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. మా ఇంటి ముందు మోరీ ఎప్పుడు తవ్వారో తెలుసుకోవాలంటే నేను ఢిల్లీ రైలెక్కాలన్న మాట. హెడ్‌మాస్టరు గారిని ప్రయాణ ఖర్చులు అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

దొరకని కాగితాలకు హైదరాబాదులో ఒక సిద్ధమైన సమాధానం ఉంది: "మూసీ వరదలో పోయాయి." 1908 సెప్టెంబరు 28 వరద మామూలుది కాదు. వేలమంది పోయారు. అఫ్జల్ పార్కులోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారని ఆ చెట్టును ఇప్పటికీ చూపిస్తారు. మా బడి మొదటి అడ్మిషన్ రిజిస్టరు ఆ వరదలోనే పోయిందన్నారు. అయి ఉండవచ్చు. కానీ 1930ల నాటి ఫీజు రసీదు పుస్తకాలు అడిగితే కూడా ఆఫీసు గుమాస్తా గారు వరదలో పోయాయనే చెప్పారు. మౌల్వీ సాబ్ బీరువా కిందికి వంగి చూసి, "వరద ఇక్కడ ఆగింది" అంటూ దుమ్ము కొట్టుకున్న కట్ట లాగారు.

*

ఎండాకాలం సాయంత్రాలు సుల్తాన్ బజారు భాషానిలయంలో గడిచేవి. 1901లో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అది. పొడవాటి బల్లలు, ఏటవాలు చెక్కల మీద పరిచిన పేపర్లు, తల మీద కిర్రుమనే ఫ్యాను. మా నాన్న రోజూ పేపరు చదివిన బల్ల దగ్గరే కూర్చొని గోలకొండ పత్రిక పాత సంపుటాలు తిరగేశాను. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు మొదలుపెట్టిన ఆ పత్రికలో పెద్ద వార్తల కన్నా సభల నోటీసులు, పుస్తకాల ప్రకటనలు, అద్దె ఇళ్ల కబుర్లే నాకు పనికొచ్చాయి. ఎవరూ చరిత్ర కోసమని రాయనివి కాబట్టి వాటిని నమ్మవచ్చు.

ఆ చుట్టుపక్కల నడిస్తే నాలుగడుగులకొక సంగతి. 1907లో పుట్టిన వివేకవర్ధిని బడి ఆవరణలోనే 1921 నవంబరులో కార్వే పండితుడి అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. అందులో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే జనం గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఇది పుస్తకాల్లో ఉన్న సంగతే. నాకు మాత్రం మా సందు చివరి మామ్మగారు చెప్పాకే అది పక్కింటి గొడవలా అనిపించింది.

మామ్మగారికి అప్పటికి అరవై దాటాయి. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారి ఆంధ్ర బాలికల పాఠశాల 1928లో మొదలైతే, తరువాత కొద్ది ఏళ్లకు అందులో చేరిందట.

"తెర కట్టిన ఎద్దుబండి వచ్చేది నాయనా. మేం ఎనిమిదిమందిమి. తెర ఎత్తితే బండివాడు అరిచేవాడు. తెలుగులో చదువు కాబట్టి ఇక్కడి సర్కారు పరీక్ష లేదు మాకు. పూనాలో కార్వే గారి విద్యాపీఠం పరీక్ష రాయాలి."

"ఇక్కడ గేలిచేసిన సభకు అధ్యక్షుడాయనే కదండీ, మామ్మగారూ?"

"గేలిచేసింది ఆయన కాదు కదా! జనం. రాసుకో సరిగ్గా."

మౌల్వీ సాబ్ పక్కన కూర్చొని తల ఊపారు. తనలాంటి మనిషి ఇంకొకరు దొరికినందుకు ముఖం వెలిగిపోయింది.

డబ్బుల సంగతి కూడా ఆవిడే చెప్పింది. రోడ్డు దాటితే రూపాయి మారేది. అటు నిజాము హాలీ, ఇటు బ్రిటిషు కల్దార్. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. దుకాణంలో ధర అడిగితే "ఏ రూపాయిల్లో?" అని ఎదురు అడిగేవారట. పెసరపప్పు కొనడానికి వెళ్లిన పదేళ్ల పిల్ల మారకపు లెక్క కట్టాలి. "అందుకే మా తరానికి లెక్కలు వచ్చు, మీకు రావు" అని తేల్చేసింది. అవన్నీ రాసుకున్నాను గానీ, మౌల్వీ సాబ్ మర్నాడు ఉత్తర్వుల్లో మారకం రేటు చూసి సరిపోల్చాకే సిరాతో ఎక్కించనిచ్చారు.

*

బడి చరిత్ర ఎక్కడుందంటే అడ్మిషన్ రిజిస్టర్లలో ఉంది. మిగిలిన వాటిలో మొదటిది ఫసలీ 1320 నాటిది. తోలు అట్ట, వెన్ను విరిగింది. పేరు, వల్దియత్ (తండ్రి పేరు), ఖౌమ్ (కులం), సకూనత్ (నివాసం), తండ్రి పేషా (వృత్తి), చేరిన తేదీ, వెళ్లిన తేదీ, కారణం. ఒక్కో పిల్లవాడికి అడ్డంగా ఒక్క గీత.

వరుసగా చదివితే ఊరంతా అందులోంచి నడిచి వెళ్తుంది. 1911లో ప్లేగు వచ్చినప్పుడు కొత్త చేరికలు ఆగిపోయాయి, వెళ్లిన పిల్లల కారణం గడిలో ఒకే మాట కిందికి దిగుతూ పోయింది. 1916లో కాచిగూడ స్టేషను కట్టాక తండ్రి పేషా గడిలో రైల్వే ఉద్యోగాలు కనిపించాయి. గార్డులు, తార్ బాబులు, ఫిట్టర్లు. తమిళ పేర్లు, మరాఠీ పేర్లు వచ్చాయి. ఉస్మానియా వచ్చాక ఉర్దూ మెట్రిక్కు ఎంత గిరాకీ పెరిగిందో, ఇంగ్లీషు చదువు కోసం వేరే బడికి వెళ్లిపోయినవాళ్లు ఎందరో కూడా తెలుస్తుంది. 1948 సెప్టెంబరు దగ్గర ఒక పేజీ సగం ఖాళీ. ఆ తరువాత సిరా మారింది, చెయ్యి మారింది, కొన్నాళ్లకు లిపి మారింది. ఉర్దూ ఆగి ఇంగ్లీషు, ఇంగ్లీషు పక్కన తెలుగు. ఇంకా ముందుకొస్తే 1969. ఉద్యమం కారణంగా బడులు మూతబడి మా తరం ఒక ఏడాది పోగొట్టుకున్న సంవత్సరం. అక్కడ నా పేరు కూడా ఉంది. నా పేరును గుమాస్తా గారు ఒక వత్తు తక్కువగా రాశారు.

కారణం గడిలో ఎక్కువసార్లు కనబడింది ఫీజు. 'ఫీజు చెల్లించనందున పేరు కొట్టివేయడమైనది.' మళ్లీ కొన్ని నెలలకు అదే పేరు, కొత్త నంబరుతో. మళ్లీ కొట్టివేత. ప్రతి ఏడాదీ అలాంటివి.

అలా చదువుతూ ఒక పేరు దగ్గర మౌల్వీ సాబ్ ఆగిపోయారు. భూతద్దం నాకిచ్చి వేలు పెట్టారు. సంఘం అధ్యక్షుల వారి తండ్రి. బడికి స్థలం ఇచ్చిన దాతల కుటుంబం అనీ, మెట్రిక్కులో మొదటివాడుగా వచ్చారనీ సభల్లో చెప్పే ఆ తండ్రే. రిజిస్టరులో పేషా గడిలో గుడ్డల దుకాణంలో నౌకరీ. ఫీజు కట్టలేక రెండుసార్లు పేరు పోయింది. మెట్రిక్కు దాకా రానే లేదు.

నాకు చిన్న సంతోషం కలిగింది. చందాల పేరుతో మా మీద ఆయన చేసిన పెత్తనం అలాంటిది. రాసేద్దామన్నాను. మౌల్వీ సాబ్ రిజిస్టరు మూసేశారు.

"ఫీజు లేక పేర్లు పోయాయని రాయండి. ఎంతమందో రాయండి. ఎవరో రాయకండి. పిల్లవాడు అతను, పన్నెండేళ్లవాడు. తన కాగితం తనకు తెలియకుండా మనం చూశాం."

అలాగే రాశాను. వ్యాసం చిత్తుప్రతి సంఘానికి పంపాక రెండో రోజే అధ్యక్షులు బడికి వచ్చారు. నేరుగా స్టాఫ్ రూములోకి వచ్చి, "మా నాయన పేరు రిజిస్టరులో ఉంటుంది కదా, చూపండి" అన్నారు. నేను నీళ్లు నమిలాను. కొడుకు అడిగితే చూపడంలో తప్పు లేదన్నట్టు మౌల్వీ సాబ్ లేచి, తెచ్చి, పేజీ తీసి, ఎదురుగా పెట్టి బయటికి వెళ్లిపోయారు. అధ్యక్షులకు ఉర్దూ వచ్చు. చాలాసేపు చదివారు. వేలితో గీత వెంబడి రెండుసార్లు వెళ్లారు.

"ఎంత బాకీ?" అన్నారు.

ఫీజు గడి చూసి చెప్పాను. హాలీలో.

"కల్దార్లలో ఎంత?"

మామ్మగారి లెక్క ప్రకారం కట్టి చెప్పాను. ఆయన పెద్దగా నవ్వారు. జేబులోంచి డబ్బు తీసి రిజిస్టర్లన్నీ బైండు చేయించమన్నారు. చత్తాబజారులో మంచి బైండరున్నాడని, ఖర్చు చూసుకోవద్దనీ చెప్పారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి, ఈ పేజీ మాత్రం తన భార్యకు చూపించవద్దన్నారు. పెళ్లయిన నాటి నుంచి మామగారి మెట్రిక్కు గురించి ఆవిడకు చెబుతున్నారట.

*

సంచిక అచ్చయింది. చేతితో అక్షరాలు పేర్చే ప్రెస్సు. ఫసలీ సంవత్సరాలు చూసి కంపోజిటరు అవన్నీ తప్పులనుకొని దిద్దేశాడు. 1317ను 1917 చేశాడు. ప్రూఫులు మూడోసారి చూస్తున్నప్పుడు మౌల్వీ సాబ్ పట్టుకున్నారు. వ్యాసం రెండు పేజీల నుంచి పద్నాలుగుకు పెరిగింది. మంత్రిగారి సందేశం తరువాతే వేశారు. వకీలు గారు కొన్నాళ్లు మాతో మాట్లాడలేదు. ఆయన తాతగారి 1903కు మేము అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. 'ఇప్పటివరకు దొరికిన రికార్డుల్లో కనబడలేదు' అని మాత్రమే రాశాం. అవునన్నా కాదన్నా ఇంతకన్నా తక్కువ కోపం వచ్చేదేమో.

కిందటి ఏడాది ఒక అమ్మాయి ఫోను చేసింది. చరిత్రలో పరిశోధన చేస్తోందట, అంశం మా పేట. సంచిక ఒకటి కోఠీ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో దొరికిందంది. నంబరు ఎలా సంపాదించిందో అడగలేదు, పరిశోధన చేసేవాళ్లకు అదొక లెక్కా. ఇంటికి వచ్చింది. లియోనార్డ్ మన్ అనే ఆయన 1912-15 మధ్య తయారు చేసిన హైదరాబాదు పటాలు తన ఫోనులోనే ఉన్నాయి. వేళ్లతో పెద్దది చేసి మా బడి చూపించింది. గోడలు, బావి అన్నీ గీసి ఉన్నాయి. ఆ బావి మా కాలానికే పూడిపోయింది. అక్కడ మేము కబడ్డీ ఆడేవాళ్లం, నేల ఒకచోట ఎందుకు కుంగుతుందో అప్పుడు తెలియదు.

తను ఢిల్లీ కూడా వెళ్లి వచ్చింది. రెసిడెన్సీ కాగితాల్లో, మా సందుకు దగ్గర్లోనే, ఒక అద్దె ఇంట్లో నడిచిన చిన్న బడి గురించి అర్జీ ఒకటి చూసిందట. పంతులు పేరూ, పిల్లల సంఖ్యా ఉన్నాయి. ఆ పంతులు పేరే జరీదాలో మా బడి మొదటి హెడ్‌మాస్టరుగా మేము ఎత్తి రాసిన పేరు. అర్జీ తేదీ 1902.

మౌల్వీ సాబ్‌కు అప్పుడే ఫోను చేసి చెప్పాను. వినికిడి బాగా తగ్గింది ఆయనకు. రెండుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది. విన్నాక చాలా సంతోషించారు. రాయి ఇమారత్‌దే అని ఆయన అప్పుడే అన్నారని గుర్తుచేశాను. అది పట్టించుకోకుండా, ఒకే పేరున్న పంతుళ్లు ఇద్దరుండవచ్చు కదా అన్నారు. తండ్రి పేరు కలిసిందా అని అడిగారు. అర్జీలో తండ్రి పేరు లేదు. అయితే ఆగమనండి అన్నారు.

అమ్మాయి ఆగలేదు, మళ్లీ ఢిల్లీ వెళ్లింది. పంతులు జీతం రసీదుల్లో తండ్రి పేరు ఉంటుందేమో చూస్తానంది. దొరికితే వకీలు గారి మనవలకు నేనే స్వయంగా చెబుతాను. పండుగ ఏ ఏడాది లెక్కన మళ్లీ చెయ్యాలో అది సంఘం వాళ్లు చూసుకుంటారు. ఈసారి చందాలు వసూలు చెయ్యకముందే రాయి చదవమని మాత్రం చెప్పాలి.